ఇంజన్ ఆయిల్ ఎక్కడ లీకవుతుందో దొరకడం లేదు, గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

చమురుచుక్క
1998 మోడల్ పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) ఉన్న పాత రకం ఇంజన్, మాన్యువల్ గేర్లు. ఆరు నెలలుగా ఆయిల్ కారుతోంది. రాత్రి ఆపితే పొద్దున్నకి కింద అరచేయంత మచ్చ. మొదట ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ప్యాకింగ్ అన్నారు, మార్పించాను. తగ్గలేదు. తర్వాత ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత) ప్యాకింగ్ అన్నారు, అదీ అయింది. పది రోజులు బాగానే ఉండి మళ్ళీ మొదలు. ఇప్పుడు ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గర చుక్క వేలాడుతోంది కాబట్టి వెనక క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన ఆయిల్ ఆపే రబ్బరు రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలి అంటున్నారు. మూడుసార్లూ "ఇదే సార్, గ్యారంటీ" అనే మాటే. డిప్‌స్టిక్ మీద పై గీత నుంచి కింది గీతకి ఉన్న దూరంలో నెలకి సగం దిగిపోతోంది. దించేముందు ఇంకేమైనా చూడొచ్చా?

పిస్టన్_పండు
ఆ అతుకు దగ్గర చుక్క అంటే వెనక సీలే, అనుమానం లేదు. నా బండికీ అంతే అయింది. ఇన్నేళ్ళ రబ్బరు ఇంకెన్నాళ్ళు ఆగుతుంది? దించేయండి. క్లచ్ కూడా ఒక పనిలో అయిపోతుంది.

డీజిల్‌దాసు
పాత బండి కింద ఆయిల్ మచ్చ లేదంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం. మీ బండి ఆరోగ్యంగానే ఉంది.

పానా14
పండు, చుక్క పడిన చోటికి సరిగ్గా పైనే చిల్లు ఉంటుందని ఎవరు చెప్పారు? పైకప్పు కారినప్పుడు బీట ఒక మూల ఉంటుంది, నీళ్ళు దూలం పట్టుకుని ఇంకో మూల పడతాయి. ఇంజనూ అంతే. ఆ అతుకు ఇంజన్ వెనక భాగంలో అన్నిటికన్నా కింద ఉండే చోటు. పైన ఎక్కడ కారినా చివరికి చేరేది అక్కడికే.

సైలెన్సర్99
ముందు అది ఇంజన్ ఆయిలేనా? గేర్ ఆయిల్ కావచ్చుగా.

చమురుచుక్క
సైలెన్సర్, నల్లగా ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ రంగే.

గ్రీజుబాబాయ్
రంగు ఒక్కటే నమ్మకండి, దుమ్ముతో కలిస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. వేలికి రాసుకుని వాసన చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు. కూలెంట్ అయితే తియ్యటి వాసన, జిడ్డు తక్కువ. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సాధారణంగా ఎర్రగా ఉంటాయి. మీది మాన్యువల్ కాబట్టి గేర్‌బాక్స్ ముందు వైపు షాఫ్ట్ సీల్ పోయినా చుక్క సరిగ్గా ఆ అతుకులోంచే పడుతుంది. మీ వాళ్ళు అది చూశారో లేదో.

ఇక అసలు విషయం. మూడుసార్లు గ్యారంటీ ఇచ్చారు సరే, అందులో ఒక్కసారైనా ఇంజన్ కడిగారా? ఆరు నెలల జిడ్డు మీద కొత్త లీక్ వెతకడం అంటే వానలో తడిసినవాడి చెమట ఎక్కడ పడుతోందో వెతకడమే. ఇంజన్ చల్లారాక డీగ్రీజర్ కొట్టి, పదిహేను నిమిషాలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది కడగండి. డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, గాలి పీల్చే మూతి పాలిథిన్ కవర్లతో గట్టిగా కట్టండి. ఎక్కువ ప్రెజర్ వాటర్ దగ్గరగా కొట్టొద్దు, కనెక్టర్లలోకి నీళ్ళు పోతే ఇంకో కొత్త రోగం. ఆరాక ఒక్క ఇంజన్ వెనక భాగమే కాదు, కింద ఛాంబర్ చుట్టూ, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఇంజన్‌కి అతికే గేర్‌బాక్స్ డొప్ప) మీద కూడా గుడ్డతో పొడిగా తుడవండి. తర్వాత కొద్దికొద్దిగా నడిపి చూడటమే. తడి కనిపించిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నది, అన్నిటికన్నా ముందున్నది ఏదో అదే దొంగ. ఆయిల్ కిందికి జారుతుంది, బండి కదిలితే గాలికి వెనక్కి పోతుంది. పైకి, ముందుకి పాకదు.

పిస్టన్_పండు
బాబాయ్, ఫ్యాన్ గాలికి పక్కకి కూడా చిమ్ముతుంది కదా.

గ్రీజుబాబాయ్
చిమ్ముతుంది. ముందు క్రాంక్ సీల్ పోతే పుల్లీ తిప్పి చుట్టూ గుండ్రంగా కొడుతుంది. అప్పుడు బానెట్ లోపలి వైపు కూడా గీతలా చారలు పడతాయి. ఆయన అలాంటిదేమీ చెప్పలేదు.

మాన్యువల్_చదువరి
ఒక చిన్న లెక్క. చాలా కార్లలో డిప్‌స్టిక్ రెండు గీతల మధ్య తేడా లీటరు దగ్గర్లో ఉంటుంది. సగం అంటే నెలకి అర లీటరు అనుకుందాం. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. అరచేయంత మచ్చ అంటే రాత్రికి ముప్పై చుక్కలు వేసుకున్నా మిల్లీలీటరున్నర. నెలకి 45 మిల్లీలీటర్లు. మిగతా 450 ఎక్కడికి పోతోంది?

డీజిల్‌దాసు
వడ్డీకి.

మాన్యువల్_చదువరి
దాసు 🙂 నేను చెప్పేదేమిటంటే ఆపి ఉంచినప్పుడు పడే చుక్కల మీదే అందరూ కూర్చున్నారు. ఎక్కువ పోయేది నడిచేటప్పుడు అయి ఉండాలి, లేదా సిలిండర్లలో కాలిపోతూ ఉండాలి. పొగ నీలంగా వస్తోందా? కారు అడుగు భాగం ఎంత దూరం తడిసింది?

చమురుచుక్క
వాసన చూశాను, గంధకం కంపు లేదు. పొద్దున్న స్టార్ట్ చేయగానే కొంచెం నీలం పొగ, పది సెకన్లలో పోతుంది. నడిచేటప్పుడు అద్దంలో చూస్తే ఏమీ లేదు. అడుగున మాత్రం గేర్‌బాక్స్ నుంచి సైలెన్సర్ పైపు సగం దాకా జిడ్డే. దూరం వెళ్ళి ఆగితే మాడు వాసన కూడా వస్తుంది.

చదువరి గారి లెక్క చూశాక టెన్షన్ పెరిగింది.

గ్రీజుబాబాయ్
పొద్దున్న పది సెకన్ల పొగ వాల్వ్ సీళ్ళది. రాత్రంతా గైడ్ల వెంట దిగిన ఆయిల్ కాలుతుంది. ఈ వయసు బండికి అది జ్వరం కాదు, దగ్గు. దాన్ని పక్కన పెట్టండి. మాడు వాసన మాత్రం పక్కన పెట్టకండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి వేడి పొగ బయటికి వచ్చే గొట్టాలు) మీద ఆయిల్ పడుతుంటే మంట అంటుకోవచ్చు. అడుగున పైపు మీద పడే వాసనా, పైన మానిఫోల్డ్ మీద పడే వాసనా ముందు తేల్చుకోండి. బానెట్ ఎత్తగానే పైనుంచి పొగ లేస్తే తేలేదాకా బండి బయటికి తీయొద్దు.

చమురుచుక్క
పైన పొగ లేదు బాబాయ్. వాసన కిందనుంచే.

క్లచ్‌రాణి
చుక్క గారూ, ఆగండి. ఇది నా కథే. రెండేళ్ళ కింద ఇదే మాట విని గేర్‌బాక్స్ దింపించాను. కొత్త సీల్, కొత్త క్లచ్ ప్లేట్, మూడు రోజులు బండి లేదు. తెచ్చుకున్న నాలుగో రోజు అదే చోట అదే చుక్క. సీల్ సరిగ్గా కూర్చోలేదేమో అని మళ్ళీ దించారు. మళ్ళీ చుక్క. చివరికి తేలిందేమిటంటే హెడ్ (ఇంజన్ పై భాగం) వెనక క్యామ్ షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) కొసన అర్ధచంద్రాకారంలో ఒక రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది రాయిలా గట్టిపడి పక్కనుంచి ఊరుతోంది. అక్కడినుంచి బ్లాక్ వెనక గోడ వెంట జారి తిన్నగా బెల్ హౌసింగ్ మీదికి. మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గోటితో పోయేదానికి రెండుసార్లు గొడ్డలి వేయించుకున్నా.

పిస్టన్_పండు
అక్కా, మీది అయింది కాబట్టి అందరిదీ అదే అంటే ఎలా? నాది నిజంగానే వెనక సీల్. దించాక చూస్తే క్లచ్ ప్లేట్ ఆయిల్‌తో తడిసి ముద్దయింది.

క్లచ్‌రాణి
పండు, నేను అన్నది అదే. దించకుండా నీది నీకు, నాది నాకు తెలిసే దారి ఉంది కదా అని.

పానా14
ఉంది. చాలా బళ్ళకి బెల్ హౌసింగ్ అడుగున చిన్న రేకు మూత ఉంటుంది, రెండు మూడు బోల్టులు, 10 నంబరు పానా చాలు. అది తీసి టార్చి వేసి లోపల చూడండి. లోపల ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే బరువు చక్రం) వెనక తడిగా ఉంటే వెనక సీలో, గేర్‌బాక్స్ షాఫ్ట్ సీలో. లోపల పొడిగా క్లచ్ దుమ్ము మాత్రమే ఉండి బయట తడి ఉంటే ఆయిల్ పైనుంచి వస్తోంది. అప్పుడు గేర్‌బాక్స్ దించమన్నవాడికి దండం పెట్టి వచ్చేయడమే. పండు, నీ బండిలో క్లచ్ జారేది కదా?

పిస్టన్_పండు
అవును, ఎత్తు ఎక్కేటప్పుడు రేస్ అయ్యేది కానీ లాగేది కాదు.

చమురుచుక్క
నాది జారడం లేదు. ఈ రేకు మూత గురించి ఎవరూ చెప్పనే లేదు!

సైలెన్సర్99
ఇవన్నీ ఎందుకు, లీక్ ఆపే మందు ఒక డబ్బా పోసేయండి. నేను పోశాను, ఏడాది నుంచి చుక్క లేదు.

గ్రీజుబాబాయ్
ఆ మందు ఎండిపోయిన రబ్బరు సీల్‌ని కొంచెం మెత్తబరిచి ఉబ్బిస్తుంది. వెనక సీల్ నిజంగా ఊరుతుంటే కొన్నాళ్ళు గట్టెక్కిస్తుంది, కాదనను. కానీ వంకరపోయిన కవర్‌ని, చీలిన ప్యాకింగ్‌ని, లూజైన బోల్టుని ఉబ్బించలేదు. ఏం పోయిందో తెలియకుండా మందేమిటి?

డీజిల్‌దాసు
పక్కింటాయనకి తగ్గిందని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నట్టు.

ఓరింగ్_ఓబుల్
సింథటిక్ ఆయిల్ పోయిస్తున్నారా? అదే కారణం. పాత బళ్ళకి సింథటిక్ పడదు.

మాన్యువల్_చదువరి
ఓబుల్ గారూ, ఇది సగం నిజమే. సింథటిక్ సీల్‌ని తినేయదు. పాత జిడ్డు గడ్డకట్టి కొన్ని చోట్ల బిరడాలా ఉంటుంది, కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్ దాన్ని కరిగిస్తే అప్పటికే ఉన్న సందు బయటపడుతుంది. ఇక 20డబ్ల్యూ-50 (ఇవి ఆయిల్ చిక్కదనం నంబర్లు) పోసే బండిలో 5డబ్ల్యూ-30 పోస్తే పల్చన కాబట్టి ఊరే చోట ఎక్కువ ఊరుతుంది.

చమురుచుక్క
ఎప్పుడూ 20డబ్ల్యూ-50 మామూలు ఆయిలే. మార్చలేదు.

ఆదివారం కడుగుతాను. యూవీ డై అని ఒకటి ఉందట కదా, అది పని చేస్తుందా?

పానా14
చేస్తుంది. ఆయిల్‌లో కలిపి, బండి కాసేపు నడిపి, చీకట్లో యూవీ లైట్ వేస్తే లీకైన దారంతా పసుపుపచ్చగా మెరుస్తుంది. పసుపు కళ్ళజోడు పెట్టుకుంటే ఇంకా తేట. కానీ కడగకుండా వేస్తే అన్నీ మెరుస్తాయి, మళ్ళీ మొదటికే. ముందు చౌక పద్ధతి చూడండి. కడిగి ఆరాక అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. తడి తగలగానే తెల్లటి దాంట్లో నల్ల గీత పడుతుంది. బెల్టుల మీద మాత్రం పడనివ్వకండి.

కిందికి దూరేముందు స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద పడుకోవద్దు.

క్లచ్‌రాణి
ఇంకోటి. కడిగాక ఇంటి దగ్గర ఐడిలింగ్‌లో ఉంచి "ఏం లేదు" అనుకోకండి. నాది ఇరవై కిలోమీటర్లు పోయి ఆయిల్ బాగా వేడెక్కితేనే ఊరేది. ఫోన్ కెమెరా లైట్ వేసి వీడియో ఆన్ చేసి హెడ్ వెనక సందులోకి దించండి. తల దూరని చోట ఫోన్ దూరుతుంది. బయటికి వచ్చేటప్పుడు జారిపోకుండా తాడు కట్టుకోండి, అనుభవంతో చెబుతున్నా.

డీజిల్‌దాసు
ఫోన్ కోసం గేర్‌బాక్స్ దించారా అక్కా?

క్లచ్‌రాణి
అది వేరే చర్చలో చెబుతా.

చమురుచుక్క
అయింది. ముందు రేకు మూత తీశాను. లోపల పొడి. వేలు పెట్టి తుడిస్తే బూడిదరంగు క్లచ్ దుమ్ము తప్ప తడి లేదు. బయట మాత్రం పై అంచు నుంచి కిందికి తడి చార.

తర్వాత కడిగాను, సగం రోజు పట్టింది. పదిహేను నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే ఏమీ లేదు. పౌడర్ చల్లి పాతిక కిలోమీటర్లు తిరిగి వచ్చి చూస్తే ట్యాపెట్ కవర్ వెనక అంచు పొడిగానే ఉంది. దాని కింద, డిస్ట్రిబ్యూటర్ హెడ్‌లోకి దూరే చోట చుట్టూ తడి, అక్కడినుంచి నల్ల గీత ఒకటి తిన్నగా బెల్ హౌసింగ్ మీదికి. వీడియోలో చుక్క మెల్లగా ఉబ్బి జారడం కూడా కనిపించింది. ఆరు నెలల తర్వాత దొంగ మొహం చూశా.

పానా14
డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్ (అతుకులో ఆయిల్ ఆపే గుండ్రటి రబ్బరు రింగు)! క్యామ్ కొసన తగిలించే చాలా డిస్ట్రిబ్యూటర్లకి పాత జబ్బే. సరిగ్గా గేర్‌బాక్స్ వైపే ఉంటుంది కాబట్టి అందరూ వెనక సీల్ అనుకుంటారు.

పిస్టన్_పండు
సరే, లోపల పొడి అన్నాక నేనేం మాట్లాడను. ఒప్పుకున్నా.

గ్రీజుబాబాయ్
విప్పేముందు డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదా, హెడ్ మీదా కలిసేలా ఒక గీత గీయండి. లేకపోతే ఇగ్నిషన్ టైమింగ్ తప్పి "లీక్ పోయింది, పికప్ కూడా పోయింది" అంటూ వస్తారు. క్యాప్ తీసి లోపల కూడా చూడండి. లోపల ఆయిల్ ఉంటే షాఫ్ట్ సీల్ పోయినట్టు, అది బయటి రింగు మారిస్తే ఆగదు. రింగు సైజు సరిపోయిందని నీళ్ళ పైపు రింగు వేయొద్దు, ఆయిల్‌కి తట్టుకునే రబ్బరే వేయాలి. నైట్రైల్ పనికొస్తుంది, వైటన్ దొరికితే వేడికి ఇంకా బాగా ఆగుతుంది. వేసేముందు రింగుకి కొంచెం ఇంజన్ ఆయిల్ రాయండి, పొడిగా దూరిస్తే అంచు కోసుకుపోతుంది.

ఓరింగ్_ఓబుల్
నా పేరు చూసైనా ఎవరూ ముందే అడగలేదు.

డీజిల్‌దాసు
మీరు సింథటిక్ అన్నారు కదండీ.

చమురుచుక్క
మార్చాను. పాత రింగు గుండ్రంగా లేదు, రిబ్బన్‌లా చదునైపోయి చేతిలో విరిగింది. క్యాప్ లోపల పొడి. గీత గీయడం వల్ల టైమింగ్ ఇబ్బంది రాలేదు.

వారం తర్వాత: డిస్ట్రిబ్యూటర్ దగ్గర పొడి. కానీ ట్యాపెట్ కవర్ ముందు మూల కొద్దిగా చెమ్మగా మొదలైంది! ఆ ప్యాకింగ్ వేసి రెండు నెలలు కూడా కాలేదు. కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.

సైలెన్సర్99
బోల్టులు ఇంకొంచెం బిగించండి.

మాన్యువల్_చదువరి
దయచేసి వద్దు! ట్యాపెట్ కవర్ బోల్టులకి చాలా బళ్ళలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చెబుతారు, అంటే చిన్న రాచెట్‌ని మణికట్టుతో తిప్పేంత. అంతకన్నా బిగిస్తే ప్యాకింగ్ నలిగి పక్కకి వచ్చేస్తుంది, రేకు కవర్ అయితే బోల్టు దగ్గర గుంటపడి మధ్యలో లేస్తుంది. మూలల్లో క్యామ్ క్యాప్ కలిసే చోట మాత్రం శనగగింజంత సీలెంట్ పెట్టాలి. ఎక్కువ పెడితే లోపలికి ఊడి ఛాంబర్‌లో ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుతుంది.

గ్రీజుబాబాయ్
నాకు వేరే అనుమానం. ఒక రింగు పోవడం వయసు. కొత్త ప్యాకింగ్ కూడా చెమర్చడం, అదీ ఆరు నెలల్లో అన్నీ వరసగా అంటే లోపలినుంచి ఏదో తోస్తోంది. పీసీవీ వాల్వ్ ఎప్పుడైనా చూశారా? పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి కొంత గ్యాస్ ఎప్పుడూ దిగుతుంది. దాన్ని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి లాగేది ఈ వాల్వే. మూసుకుపోతే ఆ ప్రెజర్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ని బయటికి నెడుతుంది. ఒకటి మూస్తే ఇంకోటి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి పాలిథిన్ కవర్ పరచండి. మెల్లగా లోపలికి పీల్చుకుంటే బాగున్నట్టు. బెలూన్‌లా ఉబ్బితే దొరికినట్టు. కవర్ చేత్తో పట్టుకునే ఉండండి, లోపలికి పోనివ్వకండి.

చమురుచుక్క
ఉబ్బింది బాబాయ్. పూరీలా.

వాల్వ్ పీకి ఊపితే చప్పుడే లేదు, నల్లటి జిగురుతో బిగిసిపోయింది. దానికి వచ్చే గొట్టం కూడా లోపల సగం మూసుకుపోయింది.

పానా14
ఊపితే లోపల టకటకమనాలి. కొత్తది వేయండి, గొట్టం కూడా మార్చండి. కార్బ్ క్లీనర్‌తో కడిగినా కొన్నాళ్ళు పనిచేస్తుంది కానీ ఇన్నేళ్ళ వాల్వ్‌లో స్ప్రింగ్ మీద నాకు నమ్మకం లేదు.

పిస్టన్_పండు
వాల్వ్ మార్చాక కూడా కవర్ ఉబ్బితే పిస్టన్ రింగులు పోయినట్టేగా? కంప్రెషన్ చూపించాలి.

గ్రీజుబాబాయ్
ఈసారి పండు చెప్పింది కరెక్టే.

క్లచ్‌రాణి
నా బండి పీసీవీ ఇప్పుడే వెళ్ళి ఊపి చూశా. చప్పుడు వచ్చింది. హమ్మయ్య.

చమురుచుక్క
కొత్త వాల్వ్, కొత్త గొట్టం వేశాను. కవర్ ఇప్పుడు లోపలికి పీల్చుకుంటోంది. ట్యాపెట్ కవర్ మూల తుడిచి పౌడర్ చల్లి వదిలేశాను, బోల్టులు ముట్టుకోలేదు. కారు కింద రోజూ అట్టముక్క పరుస్తున్నాను.

మాన్యువల్_చదువరి
డిప్‌స్టిక్ కూడా చూడండి. చదునైన చోట, ఇంజన్ ఆపి పది నిమిషాలయ్యాక, రోజూ ఒకే సమయంలో.

చమురుచుక్క
నెలయింది. పౌడర్ తెల్లగానే ఉంది. డిప్‌స్టిక్ మీద తగ్గింది వెంట్రుకవాసి. అది పొద్దున్న పొగలో పోయేదే అనుకుంటా. గేర్‌బాక్స్ దించలేదు.

కానీ నిన్న పొద్దున్న అట్టముక్క అంచున మళ్ళీ రూపాయంత నల్ల మచ్చ! గుండె జారిపోయింది. మళ్ళీ టార్చి, మళ్ళీ ఫోన్, మళ్ళీ కింద పడుకుని గంటసేపు వెతికాను. అంతా పొడి.

డీజిల్‌దాసు
మరి ఆ మచ్చ?

చమురుచుక్క
రాత్రి తమ్ముడు వాడి స్కూటర్ తెచ్చి పక్కన పెట్టాడు.

డీజిల్‌దాసు
స్కూటర్ గేర్‌బాక్స్ దించమనండి.